పదమూడో దెబ్బ

ఫ్యోర్డు ఒడ్డున వాన.
మూడొందల మీటర్ల పైన అదే వాన
తడిసిన ఉన్నిలా బరువెక్కిన మంచు.
ఇంకా పైన, గాలి
ఒక వాలు మీంచి ఎత్తి ఇంకో వాలు మీద
కుమ్మరిస్తున్న పిండి.
ఒకే మబ్బు. మూడు మాటలు.

రొయ్యల ఫ్యాక్టరీలో రాత్రి షిఫ్టు దిగి
గున్‌వోర్ స్కీల అడుగున పట్టీలు అతికిస్తోంది.
వారానికి రెండుసార్లు ఆమెకి ఇదీ పనే:
కొండ మీద గుంట తవ్వడం,
లోపలేముందో కింది ఊళ్ళకి చెప్పడం.
వెంట ఐలో, పందొమ్మిదేళ్ళవాడు.
కొత్త పార, కొత్త బీకన్,
తొందర మాత్రం పాతదే.

బిర్చ్ చెట్ల చివరి వరస దాటాక
కాళ్ళ కింద కొండ హుమ్మంది.
పెద్ద చప్పుడేం కాదు,
నిద్రలో ముసలాయన పక్క మార్చినట్టు.
ఐలో నవ్వాడు.
ఆమె నవ్వలేదు.
స్కీ కొననుంచి వెంట్రుకంత గీత ఒకటి
ముప్పై అడుగులు పాకి ఆగింది.

నెత్తిన ఏ వాలూ లేని చోటు చూసుకుని
ఛాతీ లోతు తవ్వారు.
గోడని బ్రష్‌తో తుడిస్తే
చలికాలమంతా తేదీలవారీగా తేలింది,
కొట్టువాడి పద్దు పుస్తకంలా,
ఏ రోజు బాకీ ఆ రోజు కిందే.

అడుగున నవంబరు:
పంచదార పలుకులు. గుప్పిట పట్టబోతే
వేళ్ళ సందుల్లోంచి రాలిపోయాయి.
పైన క్రిస్మస్ ముందటి వాన,
గాజు పలకై గడ్డకట్టింది, గోరు దిగదు.
ఆ గాజు మీద,
సూర్యుడు మొహం చూపని జనవరి రాత్రుల్లో
ఎవరూ చూడకుండా మొలిచిన మంచు ఈకలు,
నిలబడినవి నిలబడినట్టే పూడిపోయాయి.
వాటి మీద మూడు రోజుల నైరుతి గాలి
గట్టిగా అద్ది పరిచిన పలక.

"ఎంత బావున్నాయో," లెన్సులోంచి చూస్తూ ఐలో.
"బావున్నాయి. వాటి మీదే మేడ కట్టింది గాలి.
పైన పటారం, లోన లొటారం."

పార వెడల్పున ఒక స్తంభం కోసి
పార రేకు దాని నెత్తిన పెట్టింది.
మణికట్టుతో పది దెబ్బలు.
ఏం లేదు.
మోచేతితో పదకొండు.
పన్నెండు.
పదమూడో దెబ్బకి పైభాగమంతా
బల్ల మీంచి పళ్ళెం జారినట్టు
ఆమె ఒళ్ళోకొచ్చింది.
తెగిన చోటు అరచేత్తో నిమిరి చూశాడు ఐలో.
ఇంత నునుపు వాళ్ళింట్లో ఏ వస్తువుకీ లేదు.

అప్పుడే మబ్బు విడింది.
శిఖరం ఇంకో నాలుగొందల మీటర్లు.
అక్కణ్ణుంచి సముద్రం దాకా వాలు,
ఒక్క గీతా పడకుండా.
"నిన్న పక్క వాలులో ముగ్గురు దిగారట.
ఏం కాలేదట."
"వాళ్ళు దిగారు. కొండ దిగలేదు. అంతే తేడా."

ఆరేళ్ళ కిందట కొండ దిగింది.
తూరా కొట్టం, పదకొండు గొర్రెలు,
మేత వేయడానికి వెళ్ళిన తూరా అన్న.
ఆ ఉదయం ప్రమాద సూచనలో
గున్‌వోర్ రాసిన మాట: మధ్యస్థం.
ఆ మాట ఇప్పటికీ రాస్తుంది.
రాసేముందు పెన్ను కాసేపు గాలిలో ఆగుతుంది.

వచ్చిన జాడలోనే వెనక్కి తిరిగారు,
ఒకరు చెట్లలోకి చేరాక ఇంకొకరు.
ఐలో నోరు విప్పలేదు.
వాళ్ళ తాత పడవవాడు,
పట్టిన చేపల్ని లెక్కపెట్టేవాడు కాదుట,
తాడు విప్పని రోజుల్ని లెక్కపెట్టేవాడుట.
ఆ మాట ఇప్పుడు గుర్తొచ్చి ఐలోకి
ఇంకా కోపమొచ్చింది.

ఆ రోజు వాలు కదల్లేదు.
మర్నాడూ కదల్లేదు.
ఆ వారమంతా కిటికీలోంచి చూశాడు,
ఒక్కసారి విరిగితే బావుణ్ణని,
విరిగి తనకో మాట చెప్తే చాలని.

కొండ ఏమీ చెప్పలేదు.
నోటుపుస్తకంలో ఒక్క వరస మిగిలింది:
పదమూడు, మోచేయి, నున్నగా.

మే నెలలో ఆ వాలు కరిగి
వాగై, గొట్టాల్లో పడి
ఐలో వాళ్ళ వంటింటి కుళాయిలోంచి వచ్చింది.
గ్లాసు పట్టి తాగాడు.
చల్లగా ఉంది.
ఏ రుచీ లేదు.